మిద్దెకు సున్నం – ఇంటికి చల్లదనం

ముప్కాల్‌లో ఎండాకాలం. పసుపు ఉడకబెట్టడం, ఆరబెట్టడం అయిపోయాయి. ఒక ఇంట్లో కోడలు బీడీలు చుడుతోంది. నెత్తి మీద మిద్దె కాలుతోంది.

"అత్తమ్మా, ఇల్లు పొయ్యి లెక్క ఉన్నది. పసుపు పైసలతోని కూలరు కొందామా?"

"కరెంటు బిల్లు ఎవరు కడ్తరు? ముందుగాల మిద్దెకు సున్నం ఎయ్యి" అన్నది అత్త.

అత్త మాట నిజం. నల్లని మిద్దె ఎండను పీల్చుకుంటుంది. తెల్లని మిద్దె ఎండను వెనక్కి కొడుతుంది. ఇంట్లో వేడి 2 నుంచి 5 డిగ్రీల దాకా తగ్గవచ్చు.

2023లో తెలంగాణ ప్రభుత్వం చల్లని పైకప్పుల విధానం తెచ్చింది. 600 గజాలు, అంతకు మించిన స్థలంలో కట్టే ఇళ్ళకు ఇది తప్పనిసరి అన్నది. చిన్న ఇళ్ళకు బలవంతం లేదు.

ఫ్రిజ్ మీద చుక్కలు చూశారు కదా? నీరు, కరెంటు ఆదా చేసే ఇళ్ళకూ అలాంటి గుర్తింపు ఉంది. వెండి, బంగారం, ప్లాటినం అని ఇస్తారు. ఆ పత్రానికి రుసుము కట్టాలి. సున్నం వేయడానికి ఏ పత్రమూ అక్కర్లేదు.

ఎలా వేయాలి?

మిద్దె ఊడ్చి కడగాలి. పగుళ్ళు పూడ్చాలి. సున్నంలో జిగురు కలిపి రెండు పూతలు వేయాలి. సున్నం కంట్లో పడితే ప్రమాదం. పిల్లలను దగ్గరికి రానీయవద్దు. వానలకు సున్నం కొట్టుకుపోతుంది. ఏటా ఎండలు ముదరక ముందే మళ్ళీ వేయాలి.

కోడలు చీపురు పట్టుకుని మిద్దె ఎక్కింది.

మీ మిద్దె ఏ రంగులో ఉంది?