45 దాటినవాళ్ళ గేరు

1902లో ఫ్రాన్స్ టూరింగ్ క్లబ్ కొండదారుల్లో సైకిళ్ళకు ఒక పరీక్ష పెట్టింది. దూరం 240 కిలోమీటర్లు. ఎదూవార్ ఫిషర్ అనే పేరున్న రేసర్ ఒకే గేరున్న సైకిలెక్కాడు. మార్త్ ఎస్ అనే ఆవిడ మూడు గేర్ల సైకిలెక్కింది. గెలిచింది ఆవిడే. దీంతో గేర్లు మార్చుకోవడం మంచిదా కాదా అన్న గొడవ తేలిపోవాలి కదా, తేలలేదు. మరుసటి ఏడే టూర్ ద ఫ్రాన్స్ పందెం మొదలుపెట్టిన పత్రికా సంపాదకుడు ఆన్రీ దెగ్రాంజ్, గేర్లు మార్చుకునే సౌకర్యం 45 ఏళ్ళు దాటినవాళ్ళకే పనికొస్తుందని తీసిపారేశాడు. గెలిస్తే కండబలంతో గెలవాలట. ఆయన పట్టుదల వల్ల, గేర్లు మార్చే డీరైలర్‌కి టూర్‌లో చోటు దొరికేసరికి 1937 వచ్చింది.

కొండెక్కే గేరు విషయంలో ఆలస్యం ఇనుముది కాదు, మీసానిది.

డీరైలర్‌ని వెనకేసుకొచ్చినవాళ్ళలో ముందు చెప్పవలసిన పేరు పాల్ ద వివీ. 'వెలోసియో' అన్న కలం పేరుతోనే లోకానికి ఎక్కువ తెలుసు. సెంత్ ఎతియెన్ ఊళ్ళో పట్టు వ్యాపారం చేసి, అది వదిలి సైకిళ్ళ వ్యాపారంలోకి, 1887లో సైకిలు పత్రికలోకి దిగాడు. ఊరు దాటగానే 1161 మీటర్ల ఎత్తున ఒక కనుమ ఉంది. ఆ దారిలో పైపు కాల్చుకుంటూ తాపీగా వెళుతున్న కుర్రాడొకడు తనని దాటిపోవడంతో ఆయనకి గేర్ల పిచ్చి పట్టిందని చెప్పుకుంటారు. కథలో ఎంత నిజమో గానీ పిచ్చి మాత్రం నిజమే. ముందు రెండు పళ్ళ చక్రాలు పెట్టి, ఎత్తు రాగానే దిగి చైను చేత్తో మార్చుకునేవాడు. తర్వాత దిగకుండానే మార్చే ఉపాయాల మీద పడి, 1930లో చనిపోయేదాకా వాటి గురించి రాస్తూనే ఉన్నాడు.

రేసర్ల బాధ మరోలా ఉండేది. 1910లో టూర్‌ని పిరనీస్ పర్వతాల్లోకి, 2115 మీటర్ల తూర్మలే కనుమ మీదికి తోలారు. ఆ ఏడు పందెం గెలిచిన ఒక్తావ్ లాపీజ్ అంతటివాడూ అక్కడ కొంత దూరం దిగి నడవాల్సి వచ్చింది. తర్వాతి కాలంలోనూ వాళ్ళకి దక్కిన సౌకర్యం ఒక్కటే. వెనక చక్రానికి రెండు పక్కలా రెండు సైజుల పళ్ళ చక్రాలు ఉండేవి. ఎత్తు రాగానే దిగి, రెక్కల నట్లు వదులు చేసి, చక్రం తిప్పి బిగించుకోవాలి. 1927లో ఇటలీ కొండల్లో మంచు పడుతుంటే తుల్లియో కాంపాన్యోలోకి చలితో కొంకర్లు పోయిన వేళ్ళకి ఆ నట్టు లొంగలేదని ప్రసిద్ధ కథ. మీట తిప్పితే చక్రం ఊడొచ్చే క్విక్ రిలీజ్ 1930లో ఆయన చేతుల మీదుగానే వచ్చింది.

డీరైలర్‌కి రెండు పనులు. చైనుని పక్కకి నెట్టి మరో చక్రం మీదికి ఎక్కించాలి. దాంతోపాటే, మిగిలిన చైను వేలాడకుండా లాగి పట్టుకోవాలి. మొదటిది అందరూ చూస్తారు. కొండ గేరు కావాలనుకునేవాళ్ళకి చిక్కు రెండోదాంతోనే. మొదటిదాన్ని చక్కబెట్టడానికి 1964లో జపాన్‌లోని సన్‌టూర్ కంపెనీ ఇంజినీరు నొబువో ఒజాకి డీరైలర్ చేతుల్ని ఏటవాలుగా పెట్టాడు. పెద్ద పళ్ళ చక్రం వైపు వెళుతున్నకొద్దీ డీరైలర్ కిందికి కూడా దిగుతుంది కాబట్టి, పళ్ళకీ దానికీ మధ్య దూరం దాదాపు ఒకేలా ఉంటుంది. ఆ పేటెంటు గడువు 1980ల నడుమ ముగియడంతో షిమానో దాన్ని అందుకుంది. క్లిక్కుకొక గేరు పడే తన మీటలకి అది జోడించి బజారంతా ఏలింది. సన్‌టూర్‌కి ఆ భాగ్యం దక్కలేదు.

ఇక లెక్క. ముందు పళ్ళని వెనక పళ్ళతో భాగించి చక్రం చుట్టుకొలతతో గుణిస్తే, పెడల్ ఒక్క చుట్టుకి సైకిలు ఎంత దూరం పోతుందో తెలుస్తుంది. మన నల్ల సైకిలుకి ముందు 44, వెనక 18 పళ్ళు ఉన్నాయనుకుందాం. చుట్టుకి సుమారు 5.4 మీటర్లు పోతుంది. నూరు మీటర్లకి 8 మీటర్లు లేచే ఘాట్ రోడ్డులో, మనిషీ సైకిలూ కలిపి 85 కిలోలుంటే, నిమిషానికి 50 చుట్లు తొక్కడానికే 300 వాట్లు కావాలి. అంత శక్తి గంటసేపు ఇచ్చేవాళ్ళు మంచి రేసర్లు. 34కి 34 పళ్ళు పెట్టి చూడండి: చుట్టుకి 2.1 మీటర్లు, నిమిషానికి 60 చుట్లు, సుమారు 140 వాట్లు. అనంతగిరి మలుపుల్లో ఆయాసపడే మామూలు ఉద్యోగికి కూడా సాధన ఉంటే అందే లెక్క ఇది.

రేసు సైకిళ్ళు చాలాకాలం పాటు ముందు వైపు 53, 39 పళ్ళతోనే వచ్చాయి. 50, 34 పళ్ళ క్రాంకుని ఆడుతూపాడుతూ తొక్కేవాళ్ళదిగా చూసేవాళ్ళు. 2003 టూర్‌లో టైలర్ హామిల్టన్ చిట్లిన కాలర్ బోన్‌తో అలాంటి క్రాంకే తొక్కి ఒక దశ గెలిచాడు. తర్వాత డోపింగ్ ఒప్పుకున్న మనిషే అయినా, ఆ క్రాంకుకి మర్యాద తెచ్చిపెట్టింది అతనే.

తేలిక గేరు కావాలంటే ముందు మార్చాల్సింది వెనక క్యాసెట్, అంటే పళ్ళ చక్రాల గుత్తి. అదే చవక. పెద్ద చక్రం 28 పళ్ళ నుంచి 34కి వెళితే కాలి మీద బరువు ఆరో వంతుకి పైగా తగ్గుతుంది. కానీ డీరైలర్ ఒప్పుకోవాలి. ఉదాహరణకి షిమానో 105లో 11 గేర్ల చివరి తరంలో, చైను లాగిపట్టే కాలు పొట్టిగా ఉన్న డీరైలర్ 30 పళ్ళ దగ్గర ఆగిపోతుంది. పొడుగు కాలిది 34 దాకా పోతుంది. అది సర్దుకోగల చైను మోతాదు 39 పళ్ళు. ముందు 50, 34 మధ్య తేడా 16, వెనక 34, 11 మధ్య తేడా 23, కలిపితే సరిగ్గా 39. ఒక్క పన్ను కూడా మిగల్లేదు. పాత చైనునే ఉంచేసి రెండు పెద్ద చక్రాల మీదికీ ఒకేసారి మారిస్తే, చైను చాలక డీరైలర్‌నే పీకేయవచ్చు. కొత్త చైను కొలిచి వేయించుకోవడం తప్పదు. మౌంటెన్ సైకిలు డీరైలర్ తెచ్చి రోడ్డు మీటలకి కలిపేవాళ్ళు ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. షిమానోలో 9 గేర్ల నాటి డీరైలర్ చాలావరకు 10 గేర్ల దాకా ఉన్న రోడ్డు మీటలకే కలుస్తుంది. 10 గేర్ల మౌంటెన్ రకం కలవదు, ఎందుకంటే కేబుల్ లాగే కొలత మార్చేశారు.

అదీ చాలకపోతే ముందు 46, 30 పళ్ళ క్రాంకు వేయించుకోవచ్చు. వెనక 34 పళ్ళతో చుట్టుకి 1.85 మీటర్లకి దిగుతుంది. చదునులో వేగం పోతుందని దీని మీద ఫిర్యాదు. 46కి 11 పళ్ళతో నిమిషానికి 90 చుట్లు తొక్కితే గంటకి 47 కిలోమీటర్లు. అంతకన్నా వేగం మనలో ఎంతమందికి, ఎన్ని నిమిషాలు అవసరం? మౌంటెన్ సైకిలులో 30కి 51 పళ్ళు పెడితే చుట్టుకి 1.35 మీటర్లే, 60 చుట్లకి గంటకి 5 కిలోమీటర్లు. ఇంకా కిందికి దిగితే తొక్కడం తేలికే, పడిపోకుండా నిలబెట్టడమే కష్టం.