కోత పండుగకు ముందు శనివారం

కోత పండుగ వచ్చిందంటే తెలుగు సంఘాల్లో మందిరం రూపే మారిపోతుంది. ద్వారానికి మామిడి తోరణాలు, స్తంభాలకు చెరకు గడలు, బలిపీఠం ముందు వరి కంకులు, గుమ్మడికాయలు, అరటి గెలలు. పట్నాల్లో కొన్నిచోట్ల ఈ పని ఇప్పుడు డెకరేటర్ల చేతికి పోతోంది. సంఘ కుటుంబాలు విశ్రాంతికీ ప్రార్థనకూ కలిసి వెళ్లే రిట్రీటేమో ఇంకో నెలలో, ఇంకో ఊళ్లో, ప్రసంగాల పట్టికతో నడుస్తుంది. అలంకరణనూ రిట్రీట్‌నూ ఇలా విడదీయడం వల్ల రెండూ పలచబడుతున్నాయని నా అభిప్రాయం. ఆదివారం పాడే పాటలో ఎంత కృతజ్ఞత ఉంటుందో, ముందురోజు కొమ్మలు కోసి కట్టడంలోనూ అంతే ఉంటుంది. ఆ పనినే రిట్రీట్‌గా కుటుంబాలు కలిసి చేసుకోవాలి.

బైబిలులో ఈ రెండూ ఒకే పండుగ. లేవీయకాండము 23వ అధ్యాయంలోని పర్ణశాలల పండుగ పంట చేతికొచ్చాక జరిగేది. ఖర్జూరపు మట్టలు, గుబురు కొమ్మలు తెచ్చుకుని దేవుని ఎదుట సంతోషించాలి, ఏడు రోజులు పర్ణశాలల్లో ఉండాలి. ఐగుప్తు నుంచి బయటికొచ్చిన తాతముత్తాతలు ఎలాంటి గూడు కింద బతికారో రాబోయే తరాలకు తెలియాలన్నదే అక్కడ చెప్పిన కారణం. ఇంటిల్లిపాదీ గట్టి గోడలు వదిలి ఆకుల నీడలోకి వెళ్లడం రిట్రీట్ కాక మరేమిటి? నెహెమ్యా 8వ అధ్యాయంలో ఇది ఇంకా స్పష్టం. చెర నుంచి తిరిగొచ్చినవాళ్లు కొండ మీది ఒలీవ, గొంజి, ఈత కొమ్మలు తెచ్చి తమ మిద్దెల మీద పర్ణశాలలు కట్టుకున్నారు, దేవమందిరపు ఆవరణల్లోనూ కట్టారు. ఇంటికీ మందిరానికీ అవే కొమ్మలు. ద్వితీయోపదేశకాండము 26వ అధ్యాయంలో ప్రథమ ఫలాల గంప తెచ్చినవాడే తన పూర్వికుల కష్టాన్నీ విడుదలనూ నోరారా చెప్పాలి. మోసే చేయి ఒకరిది, చెప్పే నోరు మరొకరిది కావడానికి అక్కడ వీల్లేదు.

పూలకు పెట్టే డబ్బు పేదలకు పెట్టవచ్చు కదా అని అడిగేవారున్నారు. అడగవలసిన ప్రశ్నే. కానీ అదే ద్వితీయోపదేశకాండము 16వ అధ్యాయంలో పర్ణశాలల పండుగకు సంతోషించవలసినవారి వరసలో పనివాళ్లు, పరదేశులు, తల్లిదండ్రులు లేనివాళ్లు, విధవరాండ్రు ఉన్నారు. అందమూ అన్నమూ ఒకదానికొకటి అడ్డు కానక్కర్లేదు. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠించిన మెదక్ చర్చి కరువు రోజుల్లో పనికి తిండి పెట్టి కట్టించినదే. కోత పండుగ వేలం పాట కూడా ఈ తోవలోనిదే: అలంకరణకు తెచ్చిన గుమ్మడికాయ ఆరాధన అయ్యాక సంఘానికి రాబడి అవుతుంది. థర్మోకోల్ పువ్వు మర్నాడు చెత్తకుప్పకే పోతుంది. ఖర్చు గురించి బాధపడేవారు ముందు ప్రశ్నించవలసింది దాన్నే.

నగరంలో పొలమెక్కడిది అన్న మాటకు జవాబు తేలికే. కోత పండుగ ఆరాధన నేటి రూపం 1843లో ఇంగ్లండులోని మోర్విన్‌స్టో గ్రామంలో హాకర్ అనే పాస్టరు మొదలుపెట్టిన దాని నుంచి వ్యాపించింది; తోరణం, చెరకు, అరటి బోదె మన నేల కలిపినవి. ఊరు మారితే కానుకా మారుతుంది. ఉద్యోగి మొదటి జీతంతో కొన్న బియ్యం, దర్జీ కుట్టిన బలిపీఠపు గుడ్డ కూడా ప్రథమ ఫలాలే.

అన్నిటికంటే బరువైన అభ్యంతరం వేరే ఉంది. రిట్రీట్ అంటే విశ్రాంతి, ప్రార్థన. అందులో పని పెడితే ఆ బరువు ఎప్పటిలాగే ఆడవాళ్ల మీద పడుతుందని. ఈ భయం నిజమైనదే. అందుకే వంట, ఊడ్పు, నిచ్చెన పని మగవాళ్లకూ యౌవనస్థులకూ ముందే పంచాలి. శనివారం ఉదయం ప్రథమ ఫలాల గంప గురించిన అధ్యాయం చదివి, ప్రతి కుటుంబమూ ఆ ఏడు తమకు దొరికిన మేలు ఒకటి చెప్పి, అప్పుడు తోరణం పని పట్టుకోవచ్చు. మామిడాకులు గుచ్చుతూ కూర్చున్నప్పుడు పిల్లలు అడిగే ప్రశ్నలు కుర్చీల వరసలో కూర్చోబెడితే రావు. వేలంలో మిగిలిన కూరగాయలు ఏ ఇంటికి ఎవరు చేర్చాలో కూడా ఆ శనివారమే, ఆ కుటుంబాలే నిర్ణయించుకోవాలి.