స్త్రీల చర్మారోగ్యము – గ్రామ పంచాయతీల కర్తవ్యము

గౌతమీ వసిష్ఠ పాయల నడుమ నెలకొని, మధ్యలో వైనతేయ పాయ పారు కోనసీమ నీటికి కొదువలేని సీమగా పేరొందినది. 1847లో ప్రారంభమై 1852లో పూర్తియైన ధవళేశ్వరము ఆనకట్ట మూలమున అమలాపురము, రాజోలు, కొత్తపేట ప్రాంతములకు కాలువ నీరు లభించి, సార్వా దాళ్వా పంటలతోను, కొబ్బరి తోటలతోను ఈ నేల పచ్చబడినది. ఆ నీటిలోనే దినమంతయు నిలిచి ఆకుతీసి, ఊడ్పులు ఊడ్చి, కలుపు తీయువారు మన స్త్రీలు. వారి పాదములను గూర్చియు, చేతులను గూర్చియు, చర్మమును గూర్చియు మన గ్రామసభలలో చర్చ జరుగుట మాత్రము అరుదు.

చర్మపు బాగోగులు స్త్రీల సొంత విషయమనియు, అవి దుకాణములో దొరకు క్రీముతో తీరునవనియు పలువురు తలచుచుందురు. ఇది సరికాదు. శుభ్రమైన నీరు, చాటైన స్నానపు చోటు, ఎండ తగులు దండెము, నిలువక పారు మురుగు కాలువ – ఈ నాలుగును లేనిచోట ఎంత వెలగల లేపనమైనను వ్యర్థమే. ఈ నాలుగింటిలో అధిక భాగము పంచాయతీ పరిధిలోనిది. 1992 నాటి 73వ రాజ్యాంగ సవరణము పంచాయతీలకు అప్పగింపదగినవిగా పేర్కొన్న 29 విషయములలో మంచినీరు, ఆరోగ్యము – పారిశుద్ధ్యము, స్త్రీ శిశు అభివృద్ధి చేరియున్నవి. కావున ఈ విషయమును పంచాయతీ సభ్యులకే విన్నవించుచున్నాము.

చర్మము చేయు పని

చర్మము శరీరమునకు కోటగోడ వంటిది. దాని పై పొర పలుచనిదైనను, అందలి సహజమైన జిడ్డు లోని తడిని బయటకు పోనీయదు. బయటి క్రిములను లోనికి రానీయదు. గంటల తరబడి నీటిలో నానినచో ఈ పొర ఉబ్బి మెత్తబడును. ఘాటైన సబ్బు, బట్టల సోడా ఆ జిడ్డును కడిగివేయును. ఇట్లు గోడకు బీటలు వారినపుడు బూజు జాతి క్రిములకును, చీము పుట్టించు సూక్ష్మజీవులకును దారి ఏర్పడును.

కోనసీమ గాలిలో తేమ హెచ్చు. చెమట త్వరగా ఆరదు. సముద్రమునకు దగ్గరనున్న శివారు గ్రామములలో బావి నీరు ఉప్పన. అట్టి నీటిలో సబ్బు సరిగా నురుగు కట్టదు. దాని మడ్డి చర్మముపై నిలిచి పొడిబారునట్లు చేయును. ఈ కారణములన్నియు కలసి మన ప్రాంతమున చర్మవ్యాధులకు అనువైన పరిస్థితిని కలిగించుచున్నవి.

పాదముల సంరక్షణ

ఊడ్పుల కాలమున స్త్రీల కాలివ్రేళ్ల సందులు నాని, తెల్లబడి, చీలుట మనమందరము చూచుచున్నదే. దీనిని చిన్న బాధగా ఎంచి ఉపేక్షింపరాదు. గోదావరి డెల్టా చిరకాలముగా బోదకాలు వ్యాధి గల ప్రాంతము. ఆ వ్యాధి దోమకాటు వలన వచ్చునది. కాని ఒకసారి కాలు వాచిన పిమ్మట మాటిమాటికి జ్వరము వచ్చి వాపు పెరుగుటకు ముఖ్య కారణము, వ్రేళ్ల సందుల చీలికలనుండి చీము క్రిములు ప్రవేశించుటయే. ప్రతిదినము కాలిని సబ్బుతో కడిగి, సందులను పొడిగుడ్డతో అద్ది ఆరబెట్టుకొన్నచో ఈ జ్వరములు చాలవరకు తగ్గునని వైద్యులు గ్రహించియున్నారు. ఇంతటి మేలు చేయు పనికి కావలసినది మంచినీరు, సబ్బు, ఒక గుడ్డ మాత్రమే.

చేలోనికి దిగుటకు ముందు వ్రేళ్ల సందులలో కొబ్బరినూనె గాని, వాజలీను గాని పూసికొనుట మంచిది. అది నీరు లోనికి ఇంకకుండ కొంతవరకు కాపాడును. గట్టెక్కిన వెంటనే బురదను మంచినీటితో కడిగికొని, తడి ఆర్చుకొనవలెను. సందులు పచ్చిగానున్నచో నూనె చాలదు. ఆరోగ్య కేంద్రమున బూజును చంపు మందు తీసికొనవలెను. మడమలు పగిలినవారు రాత్రి గోరువెచ్చని నీటిలో కొంతసేపు కాళ్లుంచి, తుడిచి, కొబ్బరినూనె రాచుకొన్నచో పగుళ్లు మెత్తబడును. కొబ్బరి పీచు పనిచేయువారికిని, రొయ్యలు ఒలుచువారికిని చేతుల విషయమున ఇదే జాగ్రత్త అవసరము.

తామరయు, దుకాణపు మందును

నడుము చుట్టును, తొడల సందులను, రొమ్ముల క్రిందను గుండ్రముగా వ్యాపించి దురదపెట్టు తామర నేడు దేశమంతట మొండిగా మారినది. మామూలు మందులకు లొంగని ఒక తామర క్రిమిని 2020లో శాస్త్రజ్ఞులు గుర్తించి, ఇండియా పేరు కలియునట్లు దానికి ట్రైకోఫైటాన్ ఇండోటినియే అని నామకరణము చేసిరి. ఈ మొండితనమునకు ఒక కారణము మన అలవాటే. స్త్రీలు సిగ్గుచేత వైద్యుని చూడక, ఇంటి మగవారిచేత దుకాణము నుండి ఏదో ట్యూబు తెప్పించుకొందురు. అందు పలుమారు స్టిరాయిడ్ కలిసియుండును. అది పూసిన రెండు దినములలో దురద అణగును, ఎఱుపు తగ్గును. కాని క్రిమి చావదు. పైగా శరీరపు ఎదిరింపు శక్తి ఆ చోట కుంటుపడుటచే, పైకి కానరాక లోలోపల విస్తరించును. మందు మానగానే రెట్టింపుగా బయటపడును. మాసముల తరబడి వాడినచో చర్మము పలుచబడి చారలు పడును. ఆ చారలు తిరిగి మానవు.

బెటామెథసోన్, క్లోబెటసాల్ అను పేర్లు ట్యూబుపై ఉన్నచో అది స్టిరాయిడ్ అని గ్రహింపవలెను. చదువరాని స్త్రీలకు ఆశా కార్యకర్త గాని, బడికి పోవు పిల్లలు గాని చదివి చెప్పవచ్చును. ఇట్టి లేపనములు పెక్కింటిని వైద్యుని చీటీ లేనిదే అమ్మరాదని 2018లో భారత ప్రభుత్వము నిర్దేశించినది. ఇవి చెడ్డ మందులు కావు. వైద్యుడు చెప్పిన వ్యాధికి, చెప్పినన్ని దినములు వాడవలసినవి.

తామరకు సరియైన మందును మచ్చమీదనే గాక దాని చుట్టును రెండు వ్రేళ్ల మేర పూయవలెను. మచ్చ కానరాకుండ పోయిన పిమ్మట మరి రెండు వారములు కొనసాగింపవలెను. తువాలు, దువ్వెన, లోబట్టలు ఒకరివి మరొకరు వాడరాదు. బట్టలను వేడినీట ఉతికి ఎండలో ఆరవేయవలెను. ఇంటిలో ఎందరికి ఉన్నచో అందరును ఒకేసారి చికిత్స పొందవలెను. గజ్జికైనచో దురద లేనివారు కూడ ఇంటిల్లిపాదియు ఒకే దినమున మందు రాచుకొనవలెను. లేనిచో అది ఒకరినుండి ఒకరికి తిరుగుచునే యుండును.

లంగా బొందు బిగువుగా కట్టుటచే నడుమున నల్లని గీటు పడి, ఒరసి, పుండగుట కూడ కలదు. ఏండ్ల తరబడి మానని అట్టి పుండు క్యాన్సరుగా మారిన ఉదంతములు రెండింటిని, మహారాష్ట్ర బీహారు రాష్ట్రములకు చెందిన పెద్ద వయసు స్త్రీల విషయమున, 2024లో ఒక వైద్య పత్రిక ప్రకటించినది. ఇది చాల అరుదు, భయపడవలసిన పనిలేదు. సన్నని బొందుకు బదులు వెడల్పాటి పట్టీ కుట్టించుకొని వదులుగా కట్టుకొనుటయు, మానని పుండును వైద్యునికి చూపుటయు చాలును.

తెల్లదనము మీది మోజు

పెండ్లి సంబంధములలో తెలుపు రంగును కోరుట మన సమాజమున పాతుకొనిన దురాచారము. దీని మూలమున పడుచుపిల్లలు పేరు ఊరు లేని తెలుపు క్రీములకు పాల్పడుచున్నారు. వీనిలో కొన్నింట పాదరసము కలుపుదురు. పాదరసము చర్మమునకు రంగునిచ్చు మెలనిన్ తయారగుటను అడ్డగించును గనుక కొన్ని వారములు ముఖము తేటపడినట్లు తోచును. కాని అది చర్మము గుండ రక్తమున చేరి మూత్రపిండములను చెరచును. 2023లో కేరళలోని మలప్పురము జిల్లాలో మూత్రపిండముల జబ్బుతో వచ్చిన కొందరు ఇట్టి క్రీములు వాడినవారేయని వైద్యులు కనుగొనిరి. ముఖమునకు స్టిరాయిడ్ పూసినవారికి మొటిమలు, ఎఱ్ఱదనము, అవాంఛిత రోమములు కలుగును.

చామనచాయ లోపము కాదు. ఎండలో పనిచేయు వారికి మెలనిన్ గొడుగు వంటిది. సూర్యకిరణముల హానినుండి అది కొంత రక్షణ నిచ్చును. ఆరోగ్యముగల చర్మము ఏ రంగుదైనను నున్నగా, పుండ్లు మచ్చలు లేక యుండును. అదియే సౌందర్యము. ఈ మాటను పిల్లల తల్లులకే గాక కోడండ్రను వెదకు పెద్దలకును చెప్పవలసియున్నది.

మన ఇంటి అలంకారములు

పెసరపిండి నలుగు, కుంకుడురసము, కొబ్బరినూనె మన పెద్దలు వాడినవే. నలుగు మెత్తగా జల్లించినదై, మృదువుగా రుద్దినచో మంచిదే. స్నానానంతరము చర్మము కొంచెము తడిగా నుండగనే కొబ్బరినూనె రాచినచో పొడిబారుట తగ్గును. మొటిమలు గలవారు ముఖమునకు నూనె రాయకుండుట మేలు. పుండ్లపై పసరులు, బూడిద, సున్నము పెట్టరాదు.

ఆషాఢమున గోరింటాకు పెట్టుకొనుట మన ఆచారము. ఇంటి చెట్టు ఆకు రుబ్బి పెట్టుకొన్నచో సాధారణముగ హాని లేదు. సంతలో దొరకు కొన్ని కోనులలో, ముఖ్యముగా నల్లగా పండు వానిలో, తలరంగులలో వాడు రసాయనము కలిపియుండును. దానివలన చేతులు బొబ్బలెక్కవచ్చును.

బొట్టుబిళ్లల విషయము పలువురు ఎరుగరు. బిళ్ల వెనుకనున్న జిగురులోని ఒక రసాయనము పడని స్త్రీలకు నుదుట దురద పుట్టి, పిమ్మట బిళ్ల ఆకారముననే తెల్లమచ్చ ఏర్పడును. దానిని చూచి ఇంటివారు బెదరుదురు. అది అంటువ్యాధి కాదు. దురద తోచిన వెంటనే బిళ్ల మాని మంచి కుంకుమ వాడుకొని, వైద్యునికి చూపినచో ముదరకుండ చేసికొనవచ్చును. ఇక శరీరముపై ఎచ్చటనైనను పాలిపోయిన మచ్చ యుండి, అందు స్పర్శ తెలియనిచో అది కుష్ఠు కావచ్చును. దానికి 6 నెలలో, 12 నెలలో ఉచితముగ మందులిచ్చి పూర్తిగ నయము చేయుదురు. దాచుటయే ప్రమాదము, ఆలస్యమైనచో నరములు చెడి అంగవైకల్యము కలుగును.

ముఖకాంతికి మూలము ఆహారము

పాలిపోయిన ముఖమునకు పైపూత మందు లేదు. 2019–21లో జరిగిన అయిదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ననుసరించి మన రాష్ట్రమున 15 నుండి 49 ఏండ్ల స్త్రీలలో నూటికి 58.8 మంది రక్తహీనులు. తోటకూర, మునగాకు, నువ్వులు, చేపలు, గుడ్లు వారి విస్తరిలోనికి రావలెను. నిమ్మరసము గాని ఉసిరి గాని తోడైనచో ఆకుకూరలలోని ఇనుము ఒంటబట్టును. భోజనమైన వెంటనే టీ త్రాగుట ఆ మేలును తగ్గించును. అందరు తిన్న పిమ్మట మిగిలినది తినుట ఇల్లాలి ధర్మమను భావము మారవలెను.

పంచాయతీ చేయదగిన పనులు

1. కాలువ రేవులలో పశువులను కడుగు చోటును, మనుష్యులు స్నానమాడు చోటును వేరుచేయవలెను. స్నానపు గదులు లేని పేటలలో స్త్రీలకు చాటుగోడ, తలుపు గల స్నానశాల కట్టింపవలెను. చాటు లేనిచో స్త్రీలు చీకటిలో, కట్టిన చీరతోనే మునిగి, తడిబట్టతోనే యుందురు. నడుము తామర అచ్చటనే మొదలగును. స్నానశాల ప్రక్కనే ఎండ తగులు దండెము లుండవలెను. ఋతుకాలపు గుడ్డలను కూడ స్త్రీలు సంకోచము లేక ఎండలో ఆరవేసికొనుటకు అది వీలు కల్పించును.

2. చేలకు పోవు పుంత మొదట ఒక మంచినీటి కుళాయి పెట్టించి, అచ్చట సబ్బు ఉంచవలెను. పని ముగించి వచ్చువారు కాళ్లు చేతులు కడిగికొని ఇంటికి పోవుదురు.

3. వేసవిలో కాలువలు కట్టివేయుటకు ముందే మంచినీటి చెరువులను శుభ్రపరచి నింపవలెను. చెరువు నీటిలో బట్టలుతుకుట, పశువులను తోలుట నిలుపవలెను.

4. గుర్రపుడెక్క అల్లుకొన్న మురుగు కాలువలను వానలకు ముందే బాగుచేయవలెను. నిలిచిన మురుగులో పెరుగు దోమలే బోదకాలును మోసికొని వచ్చునవి.

5. వైద్యుని చీటీ లేకుండ స్టిరాయిడ్ లేపనములను, చిరునామా లేని తెలుపు క్రీములను అమ్మరాదని గ్రామ దుకాణదారులకు తెలియజెప్పవలెను. విననివారిని గూర్చి ఔషధ తనిఖీ అధికారికి వ్రాయవలెను.

6. ఊడ్పులు ముగిసిన పిమ్మట ఒక దినము నిర్ణయించి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రపు వైద్యులను, ఏ.ఎన్.ఎం.ను, ఆశా కార్యకర్తలను పిలిపించి, స్త్రీలకు చర్మ పరీక్ష జరిపింపవలెను. వీలైనచో మహిళా వైద్యురాలిని కోరవలెను. తలుపు వేసికొను గది ఒకటి తప్పక కేటాయింపవలెను.

ఈ పనులలో గోడకట్టడము, కుళాయి తప్ప తక్కినవానికి పెద్ద వ్యయము లేదు. ఒక ఇల్లాలు తామరకై ఏడాది పొడవున కొనిన ట్యూబుల వెలయు, జ్వరముతో పోగొట్టుకొనిన కూలియు లెక్క వేసి చూచినచో, ఊరిమీద ఎంత భారము పడుచున్నదో సభ్యులకు తెలియగలదు.

నేడు పంచాయతీలలో స్త్రీలు పెద్ద సంఖ్యలో సభ్యులుగా, సర్పంచులుగా ఎన్నికగుచున్నారు. పురుష సభల ముందు చెప్పుకొనలేని బాధను తోటి స్త్రీ సభ్యురాలికి చెప్పుకొనుట సులభము. ఆమె దానిని తీర్మానముగా మార్చగలదు. రానున్న గ్రామసభ చర్చాంశములలో స్త్రీల స్నానశాలను, పుంత కుళాయిని చేర్చవలసినదిగా సభ్యులను కోరుచున్నాము. ఊరి అన్నమునకై నీటిలో నిలిచిన పాదములు పుండు పడకుండ చూచుట ఊరి విధి.