కొత్తరెడ్డిపాలెం నుంచి జెరూసలేం ఎంత దూరం?

గుంటూరు జిల్లా చేబ్రోలును ఆనుకుని ఉన్న కొత్తరెడ్డిపాలెంలో 1991లో ఒక చిన్న యూదు సమాజమందిరం వెలిసింది. దాని పేరు బెనె యాకోబ్. దాన్ని పెట్టుకున్నది మాదిగ కుటుంబాలు. అంతకుముందు బాప్టిస్టు సంఘంలో ఉన్నవాళ్లే. ఇశ్రాయేలు గోత్రాల్లో ఒకటైన ఎఫ్రాయిము సంతతి తామేనని, కొత్త మతం పుచ్చుకోలేదని, మరిచిపోయిన పాత మతానికి తిరిగి వచ్చామని వీరు చెబుతారు. తమను తాము ‘బెనె ఎఫ్రాయిమ్’ అని పిలుచుకుంటారు. హీబ్రూలో ఆ మాటకు ఎఫ్రాయిము బిడ్డలని అర్థం.

తెలుగులో ఆ దేశానికి రెండు పేర్లున్నాయి. బైబిల్లో చదివేది ‘ఇశ్రాయేలు’. పేపర్లో చదివేది ‘ఇజ్రాయెల్’. మొదటిది ప్రార్థనలో పలికే మాట. రెండోది పాస్‌పోర్టు, వీసా, సైన్యం, సరిహద్దు ఉన్న రాజ్యం. కొత్తరెడ్డిపాలెం కథంతా మొదటి మాట నుంచి రెండో మాటకు దారి వెతుక్కోవడమే. యూదుడంటే ఎవరు, ఆ గడ్డ మీద స్థిరపడే హక్కు ఎవరిది, ఈ విషయంలో భారతదేశం ఎటువైపు నిలబడాలి అనే మూడు పెద్ద వాదనలూ ఈ దారిలోనే ఎదురవుతాయి.

పేటలో విశ్రాంతి దినం

కోస్తాలో మాదిగలకు, బాప్టిస్టు మిషన్‌కు అనుబంధం పాతది. 1878 జూలై 3న ఒంగోలు దగ్గర ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పుచ్చుకున్నారు. వారిలో ఎక్కువమంది మాదిగలే. పాత నిబంధన కథలు పేటల్లోకి వచ్చింది ఆ దారినే. ఆ కథల్లో తమ కథను చూసుకున్న కుటుంబం యాకోబీలది. బోధకుడిగా పనిచేసిన షమూయేల్ యాకోబీ 1980లలో జెరూసలేం చూసి వచ్చారు. ఆ తర్వాత సోదరుడు సాదోక్ యాకోబీతో కలిసి సమాజమందిరానికి పునాది వేశారు. చనిపోయినవారిని పూడ్చిపెట్టడం, పశుమాంసం తినడం వంటి మాదిగల అలవాట్లు పూర్వపు యూదు ఆచారాల ఆనవాళ్లేనన్నది వీరి వాదన. పరిశోధకులు యూలియా ఎగోరోవా, షాహిద్ పర్వేజ్ ఈ సముదాయంపై రాసిన పుస్తకం 2013లో వెలువడింది. ఈ వంశకథను కులంపై తిరుగుబాటుతో కలిపి చదవాలన్నది ఆ పుస్తకం చూపిన దారి.

శుక్రవారం పొద్దుగూకే వేళ దీపాలు వెలిగించి, శనివారం పొద్దుపోయేదాకా పని ముట్టకూడదన్నది యూదు నియమం. నెల జీతగాడికి ఇదేమంత కష్టం కాదు. ఈ పేటలో ఎక్కువమంది రోజుకూలీలు. మిరప కోతల కాలంలో శనివారం చేనికి వెళ్లకపోతే ఆనాటి కూలి పోయినట్టే. ముఠాలో చోటు కూడా పోవచ్చు. అందుకే ఇక్కడ విశ్రాంతి దినం పాటించడం భక్తితోపాటు ఖర్చుతో కూడిన పని.

తిరిగి వచ్చే చట్టం

యూదులకు ఒక దేశం కావాలన్న ఆధునిక ఉద్యమానికి (జియోనిజం) 1896లో థియోడర్ హెర్జ్ల్ రాసిన పుస్తకం ఊపునిచ్చింది. ఆ దేశం ఎక్కడ ఉండాలన్నది మొదట్లో తేలిన విషయం కాదు. తూర్పు ఆఫ్రికాలో భూమి ఇస్తామన్న బ్రిటన్ ప్రతిపాదనపై 1903లో జియోనిస్టు మహాసభ రెండుగా చీలినంత పని అయింది. 1905లో దాన్ని తోసిపుచ్చారు. అక్కడ యూదులకు నివాసం ఏర్పరచడానికి మద్దతిస్తామంటూ 1917 నవంబరు 2న బ్రిటన్ చేసిన బాల్ఫోర్ ప్రకటనతో పాలస్తీనా ఖాయమైంది. అయితే అది ఖాళీ నేల కాదు. అరబ్బులు తరతరాలుగా దున్నుకుంటున్న నేల. 1948లో ఇజ్రాయెల్ ఏర్పడిన యుద్ధంలో దాదాపు 7 లక్షల మంది పాలస్తీనీయులు ఊళ్లు విడిచిపోయారు. వారు తిరిగి రావచ్చని అదే ఏడాది డిసెంబరు 11న ఐక్యరాజ్యసమితి 194వ తీర్మానం చెప్పింది. ఇజ్రాయెల్ ఒప్పుకోలేదు.

విశాఖవాసులకు ఊరు పోవడం అంటే ఏమిటో తెలుసు. ఉక్కు కర్మాగారం కోసం ఊళ్లకు ఊళ్లు లేచిపోయాయి. నిర్వాసితులకు ఇచ్చిన ఆర్-కార్డును కొన్ని కుటుంబాలు నేటికీ పదిలంగా దాచుకుని, ఉద్యోగం హామీ ఏమైందని అడుగుతూనే ఉన్నాయి. అక్కడ జరిగింది యుద్ధం, ఇక్కడ జరిగింది భూసేకరణ. రెంటికీ పోలిక లేదు. కానీ పోయిన ఊరికి గుర్తుగా ఒక కాగితం మిగలడం, అది తండ్రి చేతి నుంచి కొడుకు చేతికి రావడం రెండుచోట్లా ఒకటే. పాలస్తీనా కుటుంబాలు పాత ఇంటి తాళంచెవులను, శరణార్థి కార్డులను అలాగే దాచుకున్నాయి.

ఇజ్రాయెల్ మాత్రం తిరిగి వచ్చే హక్కును యూదులకే రాసిచ్చింది. 1950 జూలై 5న చేసిన ‘లా ఆఫ్ రిటర్న్’ ప్రకారం ప్రపంచంలో ఏ మూలనున్న యూదుడైనా వచ్చి స్థిరపడవచ్చు. మరి యూదుడంటే ఎవరు? చట్టం మొదట ఆ మాట తేల్చలేదు. యూదుగా పుట్టి, కాథలిక్ సన్యాసిగా మారిన ఓస్వాల్డ్ రూఫైసెన్ ఈ హక్కు కోసం సుప్రీంకోర్టుకు వెళ్తే 1962లో ఓడిపోయాడు. 1970 సవరణతో నిర్వచనం వచ్చింది. యూదు తల్లికి పుట్టినవారు, లేదా యూదు మతంలోకి మారినవారు, వేరే మతంలో లేనివారు యూదులు. యూదుల పిల్లలకు, మనవలకు, వారి భార్యాభర్తలకు కూడా వలస హక్కు దక్కింది.

ఈ కొలబద్ద కొత్తరెడ్డిపాలేనికి కఠినమైనది. తల్లివైపు వంశానికి లిఖిత ఆధారం లేదు. దగ్గరి గతమంతా చర్చి రిజిస్టర్లలో ఉంది. ఇక మిగిలింది ఇజ్రాయెల్ గుర్తించే రబ్బీల (యూదు మతగురువుల) ఎదుట విధిపూర్వకంగా మతం పుచ్చుకోవడం. ఎప్పటినుంచో యూదులమేనని చెప్పుకునేవారు మళ్లీ యూదులుగా మారడానికి ఒప్పుకోవాలా అన్నది సహజంగానే వచ్చే ప్రశ్న.

మిగతా భారతీయ యూదుల అనుభవం

గడప దాటడం పాత యూదులకూ తేలిక కాలేదు. కొచ్చి యూదుల్లో అత్యధికులు 1950లలో ఇజ్రాయెల్ వెళ్లిపోయారు. కానీ కొంకణ్ తీరపు బెనె ఇజ్రాయెల్‌ యూదులను అక్కడి మతపీఠం అనుమానించింది. పెళ్లికి ముందు వంశం విచారించాలని పట్టుబట్టింది. నిరసనలు సాగాక 1964లో ఇజ్రాయెల్ పార్లమెంటు జోక్యం చేసుకుని, వారు అన్నివిధాలా యూదులేనని తేల్చింది.

మణిపూర్, మిజోరంలోని బెనె మెనాషేలది ఇంకో దారి. బైబిల్లో ఎఫ్రాయిము, మనష్షే అన్నదమ్ములు. ఈ కుకీ, మిజో కుటుంబాలు మనష్షే సంతతి తామంటాయి. వీరిని గాజాలో, వెస్ట్‌బ్యాంక్‌లో యూదు కాలనీల్లో ఉంచడంతో వలస కాస్తా సరిహద్దు రాజకీయమైంది. 2003లో ఇజ్రాయెల్ హోంమంత్రి అవ్రహాం పోరాజ్ ఆ వలసను ఆపేశారు. 2005లో ప్రధాన రబ్బీ ష్లోమో అమార్ వారిని ఇశ్రాయేలు సంతతిగా గుర్తించారు. అదే ఏడాది రబ్బీలు మిజోరం వచ్చి మతమార్పిడి జరిపిస్తుంటే భారత ప్రభుత్వం అభ్యంతరం చెప్పింది. అక్కడితో ఆ తంతు మన గడ్డ మీద ఆగింది.

తెలుగు పేటలో మరో చిక్కు కులం కాగితం. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డ్ కులాల హోదా మొదట హిందువులకే. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు వర్తించింది. అందులో యూదుల మాట లేదు. జాతీయ స్థాయిలో మైనారిటీల జాబితాలోనూ యూదులు లేరు. మహారాష్ట్ర 2016లో, గుజరాత్ 2018లో తమ పరిధిలో ఆ హోదా ఇచ్చుకున్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో ఒక మాదిగ కూలీ సర్కారు కాగితం మీద యూదుడినని రాయించుకుంటే బిడ్డ రిజర్వేషన్ పోతుంది. రాయించుకోకపోతే జెరూసలేం అధికారి ముందు చూపడానికి ఏమీ ఉండదు.

ఢిల్లీ మారిన తీరు

కొత్తరెడ్డిపాలెంలో సమాజమందిరం వెలిసేనాటికి ఢిల్లీలో ఇజ్రాయెల్ రాయబార కార్యాలయమే లేదు. పాలస్తీనా విభజనను 1947 నవంబరు 29న ఐక్యరాజ్యసమితి 33-13 ఓట్లతో ఆమోదించినప్పుడు భారత్ వ్యతిరేకంగా ఓటేసింది. మతం పేరిట దేశాన్ని చీల్చడం ఏమి తెస్తుందో అప్పుడే చవిచూసిన దేశం అది. ఇజ్రాయెల్‌ను 1950 సెప్టెంబరు 17న గుర్తించినా, బొంబాయిలో ఒక కాన్సులేటుతోనే సరిపెట్టింది. 1988లో పాలస్తీనాను దేశంగా గుర్తించింది.

ఆ తలుపు తెరిచింది తెలుగువాడైన ప్రధాని పి.వి. నరసింహారావు. సోవియట్ యూనియన్ కూలింది. అరబ్బు దేశాలే మాడ్రిడ్‌లో ఇజ్రాయెల్‌తో చర్చలకు కూర్చున్నాయి. అప్పుడు పీవీ 1992 జనవరి 29న పూర్తి దౌత్య సంబంధాలు ప్రకటించారు. దానికి కొద్దిరోజుల ముందే పాలస్తీనా నాయకుడు యాసర్ అరాఫత్‌ను ఢిల్లీ రప్పించి మాట్లాడారు. పాత స్నేహం తెంచకుండా కొత్త స్నేహం కలుపుకోవడం పీవీ పద్ధతి. 2017 జూలైలో నరేంద్ర మోదీ ఇజ్రాయెల్ వెళ్లిన తొలి భారత ప్రధాని అయ్యారు. గాజా యుద్ధం మొదలయ్యాక 2023 అక్టోబరులో సమితి తీర్మానంపై ఓటింగుకు దూరంగా ఉన్న భారత్, డిసెంబరులో కాల్పుల విరమణకు అనుకూలంగా ఓటేసింది. ఇది దేశ ప్రయోజనమని కొందరు, వలస పాలనను ఎదిరించిన వారసత్వాన్ని వదులుకోవడమని మరికొందరు వాదిస్తున్నారు.

రేవులో కనిపించే విదేశాంగ విధానం

ఈ వాదన విశాఖ తీరాన్నీ తాకుతుంది. నగరం పేరు పెట్టుకుని 2021 నవంబరు 21న నౌకాదళంలో చేరిన ఐఎన్ఎస్ విశాఖపట్నం యుద్ధనౌక మీది బరాక్-8 క్షిపణులను డీఆర్‌డీవో, ఇజ్రాయెల్ సంస్థ కలిసి రూపొందించాయి. ఉక్కు కర్మాగారం పక్కనున్న గంగవరం రేవును 2021లో కొన్న అదానీ సంస్థే, ఇజ్రాయెల్‌లోని హైఫా రేవులో 70 శాతం వాటాతో 2023 జనవరిలో అడుగుపెట్టింది. మరోవైపు 2024 ఫిబ్రవరిలో రేవు కార్మికుల జాతీయ సమాఖ్య ఒకటి ఇజ్రాయెల్‌కు వెళ్లే ఆయుధాల సరుకును ముట్టుకోబోమని ప్రకటించింది. ఆ సమాఖ్యలో 11 ప్రధాన రేవులకు చెందిన 3,500 మంది కార్మికులున్నారు.

తెలుగువారికి ఇజ్రాయెల్ వెళ్లే దారి నిజానికి ఉంది. అది కూలి దారి. 2023 మే ఒప్పందం ప్రకారం నిర్మాణ పనులకు 34,000 మంది, వృద్ధుల సేవకు 8,000 మంది భారతీయులను ఆ దేశం తీసుకోవచ్చు. హైదరాబాద్‌లోనూ ఎంపికలు జరిగాయి. అంతకు చాలా ముందునుంచే తెలుగువాళ్లు అక్కడ ముసలివారికి అన్నం తినిపించి, చక్రాల కుర్చీ నెట్టి, ఇంటికి డబ్బు పంపుతున్నారు. గడువు తీరగానే తిరిగి రావాల్సిందే. కాంట్రాక్టు మీద వెళ్లేవాడికి వంశంతో పని లేదు. స్థిరపడాలనేవాడికి వంశమే కావాలి.

మాతృభూమి ఎవరిదన్న వాదన ఎంత పవిత్రంగా మొదలైనా చివరికి ఒక కౌంటరు దగ్గర, ఒక కాగితం మీద తేలుతుంది. ఆ కాగితం ఇచ్చేది దేవుడు కాదు, రాజ్యం. 2025 నవంబరు 23న ఇజ్రాయెల్ మంత్రివర్గం 2030 లోగా భారత్ నుంచి 5,800 మందిని తీసుకెళ్లి స్థిరపరచాలని నిర్ణయించింది. వారంతా మనష్షే సంతతిగా చెప్పుకునేవారే. ఆ నిర్ణయంలో ఎఫ్రాయిము పేరు లేదు.