ఆదివారం మా ఔట్‌డోర్!

సినిమా చూసి కళ్లు తుడుచుకునేవాళ్లని చూశాను. ఈలలు వేసేవాళ్లని చూశాను. సినిమా చూస్తూ స్కేలు పెట్టి కొలతలు వేసుకునే మనిషిని మాత్రం ఒక్కరినే చూశాను. ఆ ఒక్కరితోనే 1980 నుంచీ కాపురం చేస్తున్నాను!

మావారు ఇరిగేషన్ శాఖలో డ్రాఫ్ట్స్‌మన్‌గా చేసి రిటైరయ్యారు. ఉద్యోగమంతా కాలవలకీ తూములకీ గీతలు గీసిన చెయ్యి, ఊరికే ఉంటుందా? రిటైరైన మర్నాటి నుంచీ ఇంట్లో కనబడ్డవన్నీ కొలవడం మొదలెట్టారు. వంటింటి అల్మారా పై అర నాకు అందదని ఆయన టేపు పెట్టి తేల్చారు. ముప్ఫై ఏళ్లుగా నేను పీట ఎక్కి పోపులడబ్బా దింపుకుంటున్న సంగతి అంతవరకూ ఆయన కంట పడలేదు, అది వేరే విషయం లెండి. అర దింపి కొట్టించారు. ఆ తర్వాత ఇంట్లో కొలవడానికి ఏమీ మిగల్లేదు. అప్పుడు సినిమాల మీద పడ్డారు.

మాది రాజమండ్రి. కాగితాల మీద 2015 నుంచీ రాజమహేంద్రవరం అయింది గాని, మా నోటికి రాజమండ్రే. గోదావరి లేకపోతే తెలుగు సినిమాకి ఔట్‌డోరే లేదంటారు మావారు. విశాఖపట్నం వాళ్లు ఒప్పుకోరనుకోండి. కానీ చూడండి, 1964లో 'మూగమనసులు' ఈ నీళ్ల మీదే తీశారు. అక్కినేని పడవ నడిపింది, సావిత్రి ఎక్కింది, జమున అల్లరి చేసింది ఇక్కడే. 1973లో బాపుగారు 'అందాల రాముడు' కథనంతా లాంచీ ఎక్కించి భద్రాచలం దారి పట్టించారు. మేం పుట్టిపెరిగిన ఊరి చుట్టూ ఇన్ని సినిమాలుంటే, వాటిలో కెమెరా ఎక్కడ నిలబడిందో ఒక్కచోటైనా కనిపెట్టలేమా అన్నది ఆయన పంతం.

శనివారం స్కెచ్చి, ఆదివారం వేట

పద్ధతి చెబుతాను వినండి. శనివారం రాత్రి భోజనాలయ్యాక ఓ పాత సినిమా పెడతాం. రిమోట్ నా చేతిలో ఉంటుంది. ఈ ఒక్క అధికారం నేను వదులుకోలేదు. "ఆపవోయ్!" అంటారాయన. ఆపుతాను. అక్కడ హీరోయిన్ ఉందనుకుంటున్నారా? ఉంటుంది. కానీ ఆయన చూసేది ఆమెని కాదు, ఆమె వెనకాల గట్టుని! రేవు మెట్లు ఎన్ని, గోపురం ఏ పక్కనుంది, కొబ్బరిచెట్టు ఎటు వాలింది... అన్నీ పెన్సిల్‌తో గీసుకుంటారు. ఆదివారం పొద్దున్నే పులిహోర డబ్బా, నీళ్ల సీసా, స్కెచ్చి పుస్తకం సంచీలో వేసుకుని బయల్దేరతాం.

ఆయన తయారుచేసిన గొప్ప యంత్రం ఒకటుంది. అట్టముక్క! అందులో రెండు కిటికీలు కోశారు. ఒకటి పదకొండు సెంటీమీటర్ల వెడల్పు, ఎనిమిది ఎత్తు. అది పాత సినిమాలకి. రెండోది బాగా వెడల్పుది, స్కోప్ సినిమాలకి. తెలుగులో మొదటి సినిమాస్కోప్ 1974లో వచ్చిన 'అల్లూరి సీతారామరాజు' కనక, దానికి ముందువాటికి రెండో కిటికీతో పనిలేదు. ఆ అట్టని కంటి ముందు పెట్టుకుని ముందుకీ వెనక్కీ, అటూ ఇటూ నడవాలి. చూసేవాళ్లకి మతి చలించినట్టే ఉంటుంది.

అసలు కిటుకు ఇది. బొమ్మలో దగ్గర వస్తువొకటి, దూరపు వస్తువొకటి పట్టుకోవాలి. ఉదాహరణకి ధ్వజస్తంభం, దాని వెనక మండపం మూల. స్తంభానికి కుడిపక్కన ఆ మూల సినిమాలో కన్నా ఎక్కువ బయటికి కనబడుతోందంటే మనం ఎడమకి జరగాలి. అది కుదిరాక వెనక్కో ముందుకో నడవాలి. దగ్గరిది గబగబా పెరుగుతుంది, తరుగుతుంది. దూరంది పెద్దగా మారదు. రెండిటి ఎత్తుల పొందిక సినిమాలోలాగే కుదిరిన చోట ఆగిపోవాలి. కెమెరా నిలబడింది అక్కడే! లెన్సు మారిస్తే బొమ్మ అంచులు మారతాయి గాని, ఈ పొందిక మారదట. మొదట్లో నేను నమ్మలేదు. ఓ ఆదివారం పొద్దున నా కళ్లముందే గట్టూ గుడీ వచ్చి ఆ కిటికీలో సరిగ్గా కూర్చున్నాక, ఒళ్లు జలదరించింది. ఎవరో మహానుభావుడు ట్రైపాడ్ పాతిన చోట మా ఇద్దరి చెప్పులున్నాయి మరి!

పులిదిండిలో పెళ్లి

మేం ఎక్కువసార్లు వెళ్లిన ఊరు పులిదిండి. ధవళేశ్వరం బ్యారేజీ దాటి, లొల్ల లాకుల వైపు తిరిగితే ఆత్రేయపురం మండలంలో వస్తుంది. 1967లో వచ్చిన 'సాక్షి' అక్కడ తీశారు. బాపుగారికి దర్శకుడిగా అదే మొదటి సినిమా. ముళ్లపూడి రమణగారి రచన. కృష్ణ, విజయనిర్మల జంటగా నటించడం కూడా అదే మొదలు. మద్రాసు స్టూడియోల్లో అట్టలతో పల్లెటూళ్లు కట్టుకునే రోజుల్లో, నిజం పల్లెటూరికే కెమెరా తీసుకొచ్చిన సాహసమది.

ఆ ఊళ్లో మీసాల కృష్ణుడి గుడి ఉంది. వేణువు పట్టిన కృష్ణుణ్ణి అంతటా చూస్తాం గాని, మీసం పెట్టిన కృష్ణుణ్ణి ఎంతమంది చూశారు? సినిమాలో నాయకా నాయికలకి పెళ్లి జరిగేది అక్కడే. ఈ దేవుడు చాలా శక్తిమంతుడు, మీ పెళ్లి నిజమైపోతుంది చూడండి అని రాజబాబు షూటింగులో వేళాకోళం చేశాడని చెప్పుకుంటారు. తర్వాత జరిగింది మీకు తెలిసిందే, వాళ్లిద్దరూ నిజంగానే దంపతులయ్యారు. విజయనిర్మలగారు 2019లో, కృష్ణగారు 2022లో వెళ్లిపోయారు. బాపు, రమణలు అంతకు ముందే. ఆ గుడి ముందు నిలబడితే ఇవన్నీ ఒక్కసారి గుర్తుకొస్తాయి. మీసాల కృష్ణుడు మాత్రం నిబ్బరంగా చూస్తుంటాడు.

మేం మొదటిసారి వెళ్లినప్పుడు మావారు అట్ట పట్టుకుని వెనక్కి నడుస్తూ నడుస్తూ ఒకావిడ ఆరబెట్టుకున్న వడియాల అంచు దాకా వచ్చేశారు. "అయ్యో అయ్యో, ఆగండి బాబూ!" అని ఆవిడ పరిగెత్తుకొచ్చింది. సంగతి విన్నాక నవ్వేసింది. "ఆ సినిమా వాళ్లొచ్చినప్పుడు నేను గౌన్లు వేసుకునేదాన్ని. మీరెందుకమ్మా విడివిడిగా నిలబడ్డారు? ఇద్దరూ గుడి ముందు నిలబడండి" అని ఫోను లాక్కుని తనే ఫొటో తీసింది. ఆ ఫొటోలో గుడి సగమే పడింది, మావారి తల కొంచెం తెగింది. మా ఆల్బమ్‌లో కొలతకి దొరకని బొమ్మ అదొక్కటే. ఆయన చింపేస్తానన్నారు, నేను చింపనివ్వలేదు.

తిరిగొచ్చేటప్పుడు ఆత్రేయపురంలో ఆగి పూతరేకులు కొనుక్కోవడం మామూలు. బోర్లించిన కుండ మీద బియ్యప్పిండి నీళ్లలో ముంచిన గుడ్డ ఒక్కసారి అలా లాగితే పల్చటి పొర లేస్తుంది. 2023లో ఆ పూతరేకులకి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. "వెండితెర కన్నా పల్చన, దానికన్నా రుచి" అంటారు మావారు. ఆయనకి సుగరు లేదు గనక అనగలరు.

కుడిపక్క

2023లో ఒక తేడా గమనించాను. కుడిపక్క నుంచి కాఫీ అందిస్తే ఉలిక్కిపడేవారు. ఎడమ నుంచి ఇస్తే మామూలే. తర్వాత స్కూటరు రెండుసార్లు గేటుకి రాసుకుంది, రెండుసార్లూ కుడిపక్కే. కంటి డాక్టరు చూసి గ్లకోమా అన్నారు. తెలుగులో నీటికాసులంటారు. నొప్పుండదు, ఎరుపుండదు. పక్కచూపు కొంచెం కొంచెంగా అంచుల నుంచి తినేస్తూ వస్తుంది. పోయిన చూపు తిరిగి రాదు. ఉన్నది నిలబెట్టుకోవడానికి చుక్కల మందు రోజూ తప్పకుండా వేసుకోవాలి. నలభై దాటినవాళ్లు కంటిలో ఒత్తిడి ఎంతుందో చూపించుకుంటే మంచిది, ఇది సినిమా పత్రికలో చదివామని మాత్రం కొట్టెయ్యకండి.

చేతక్ స్కూటరు అమ్మేశాం. ఆయన మాట్లాడలేదు. రెండు శనివారాలు సినిమా పెట్టలేదు. మూడో శనివారం నేనే పెట్టాను. "ఎందుకోయ్, బొమ్మ అంచులు కనబడని వాడికి కెమెరా ఎందుకు?" అన్నారు. నాకు కోపమూ దుఃఖమూ కలిసి వచ్చాయి. "ఏవండీ, సినిమాలో కెమెరా పట్టుకునేది డైరెక్టరా? పక్కన నిలబడి చెప్పడూ? మీరు చెప్పండి, నేను చూస్తాను" అన్నాను.

ఆ రోజు నుంచీ అట్టముక్క నా చేతికొచ్చింది. నేను కిటికీలోంచి చూసి అంచుల్లో ఏముందో చెబుతాను, ఆయన సరిచూసుకుంటారు. కబుర్లాడుకోవడం తగ్గిపోయిన మా ఇద్దరికీ ఇప్పుడు రోజంతా మాటలే. "ఎడమ మూల ఏముంది?" "కరెంటు స్తంభం." "అది అప్పుడు లేదు. తీసెయ్." "నేనెక్కడ తియ్యనండీ!" ఇదీ వరస.

ప్రయాణాలకి ఆర్టీసీ బస్సే. 2025 ఆగస్టు 15 నుంచీ ఆడవాళ్లకి పల్లెవెలుగు బస్సులో టికెట్టు లేదు కదా, నా ప్రయాణం ఉచితం. డబ్బు కట్టాల్సింది ఆయనొక్కరికే. ఆ మాట నేను ప్రతి ఆదివారమూ గుర్తుచేస్తాను.

చెట్టు

గోదావరి అవతల కొవ్వూరు దాటాక కుమారదేవం అనే ఊరుంది. అక్కడ గట్టు మీద ఒక నిద్రగన్నేరు. దాన్ని సినిమా చెట్టు అంటారు. నూట యాభై ఏళ్ల వయసు. 1976 నాటి 'పాడిపంటలు'తో మొదలుపెట్టి మూడొందల సినిమాల దాకా దాని కింద తీశారని ఊళ్లోవాళ్లు చెబుతారు. లెక్క ఎవరు రాశారో గాని, వంశీగారి సినిమాలు చూసినవాళ్లకి ఆ చెట్టు చుట్టాల్లో ఒకటి. మావారికైతే అది కొలబద్ద. ఏ సినిమాలోనైనా ఆ మాను కనబడితే, మిగతా గట్టంతా దాన్నిబట్టే లెక్క కట్టేవారు. ఆల్బమ్‌లో దానికి తొమ్మిది పేజీలు.

2024 ఆగస్టు 5న అది పడిపోయింది. గోదావరికి వరదల రోజులు. టీవీలో చూపించారు. ఆయన దగ్గరగా జరిగి చూసి, ఏమీ అనకుండా వెళ్లి చుక్కల మందు వేసుకున్నారు. అప్పటికి వేసుకునే వేళ కాలేదు.

తర్వాతి ఆదివారం వెళ్లాం. ఎంత జనమో! ఎవరో బంధువు పోయినట్టు వచ్చి చూసి పోతున్నారు. కొమ్మల మీద చెయ్యి వేసి ఫొటోలు దిగుతున్నారు, ఓ పెద్దాయన బుర్ర వంచుకు కూర్చున్నాడు. మావారు టేపు తీశారు. ఒక కొస నాకిచ్చారు. పడిన మాను వెంట మొదలు నుంచి కొస దాకా నెమ్మదిగా నడిచారు, అరచేత్తో బెరడు తడుముకుంటూ. చివర ఒక సన్న కొమ్మ దగ్గర ఆగారు.

"ఇన్నేళ్లూ ఈ పైకొమ్మ నా ఫ్రేములో పట్టేది కాదోయ్. ఇప్పుడు చేతికందింది" అన్నారు.

నేను టేపు కొస పట్టుకుని అలాగే నిలబడ్డాను.

ఆ మొదలుకి తర్వాత మందులు పట్టించి బతికించే ప్రయత్నం చేశారు. చిగుళ్లు వేసిందని తెలిసి మళ్లీ వెళ్లాం. లేత ఆకులు. ఆయనకి మధ్యచూపు బాగానే ఉంది గనక దగ్గరగా వంగి ఒక్కో రెమ్మా చూశారు. పదో పేజీకి ఆ రెమ్మ బొమ్మ గీశారు. గీత కొంచెం వణికింది, ఆకుల లెక్క మాత్రం తప్పలేదు.

మారిపోయినవి ఇంకా ఉన్నాయి. పాపికొండలకి బోటు ఎక్కాలంటే ఇప్పుడు పోలవరం కట్టకి ఎగువన గండిపోచమ్మ గుడి దగ్గరికి పోవాలి. 2019 ప్రమాదం తర్వాత ఆపిన బోట్లు 2021లో మళ్లీ తిరిగాయి. లైఫ్ జాకెట్లు తొడుక్కుని 'అందాల రాముడు' స్కెచ్చి పట్టుకుని కూర్చున్నాం. ప్రాజెక్టు నీళ్లు వెనక్కి తన్ని ఒడ్డు పైకెక్కింది. దేవీపట్నం ఇళ్లు ఖాళీ. గట్టు గీత ఒక్కటీ కుదర్లేదు, కొండల గీత మాత్రం యథాతథంగా కుదిరింది. కింద సగం చెరిపేసి, పై సగం ఉంచుకున్నాం.

వచ్చే వారం భీమిలి వెళుతున్నాం. 1978 నాటి 'మరోచరిత్ర', రంగుల కాలంలో బాలచందర్‌గారు నలుపు తెలుపులో తీసిన సినిమా. నలుపు తెలుపు కనక అంచులు బాగా తెలుస్తాయంటారు మావారు. స్కెచ్చిలు ఆరు తయారయ్యాయి. విశాఖపట్నానికి రైలు టికెట్లు నేనే తీశాను. ఎడమ కన్ను నయం గనక, ఆయనకి ఎడమచేతి వైపు కిటికీ ఉండే సీటు చూసి మరీ తీశాను.