“రాత్రివేళ దొంగ” – ఒక చలనచిత్రము నేర్పు పాఠము

ప్రభువు రెండవ రాకడను గూర్చిన ప్రసంగము వినని క్రైస్తవ విద్యార్థి యుండడు. ఆ విషయమునే తెరమీద చూపి, యొక తరపు బాలబాలికల నిద్ర చెఱచిన చలనచిత్ర మొకటి కలదు. దాని చరిత్రను, దానివలన మనము గ్రహింపదగిన పాఠమును ఇచ్చట సంగ్రహముగా వివరించెదము.

1972వ సంవత్సరమున అమెరికాదేశములోని అయోవా రాష్ట్రమున, మార్క్ ఫోర్ పిక్చర్స్ అను చిన్న సంస్థ “ఎ థీఫ్ ఇన్ ది నైట్”, అనగా “రాత్రివేళ దొంగ” అను చిత్రమును విడుదల చేసెను. దర్శకుడు డోనల్డ్ టాంప్సన్. నిర్మాత రస్సెల్ డౌటెన్. ఖర్చు సుమారు 68,000 డాలర్లని చెప్పుదురు. ఆ యేటనే వెలువడిన “గాడ్‌ఫాదర్” చిత్రమునకు 60 లక్షల డాలర్లకు మించి వ్యయమైనదనిన, ఈ మొత్తమెంత స్వల్పమో తేటపడును.

కథానాయిక ప్యాటీ. అప్పుడప్పుడు బైబిలు చదువుచు, దేవాలయమునకు పోవుచు, అంతమాత్రమున తాను క్రైస్తవురాలనని తలంచునది. ఒక యుదయమున మేల్కొనగా భర్త కనబడడు. రేడియోలో లక్షలాది ప్రజలు మాయమైరను వార్త వినవచ్చును. ముఖము కడుగుకొను తొట్టిలో భర్తయొక్క విద్యుత్ క్షురకయంత్రము ఇంకను తిరుగుచుండును. పిదప రాజ్యాధికారులు ప్రతివానికి ముద్ర వేయబూనుదురు, ఆమె పారిపోవును. తుదకు అదంతయు కలయని తేలును; కాని ఊరట కలుగునంతలో ఆ కలయే నిజమగును.

ఇందు ధనములేమియే బలమాయెను. మనుష్యుడు మాయమగుటను చూపుటకు గొప్ప యంత్రతంత్రము లక్కఱలేకపోయెను. వాని పని మిగిలియున్నది, వాడు లేడు; ఇంతియే చాలినది. ప్రేక్షకుడు మిగిలిన దానిని తన యింటిలోనే ఊహించుకొనెను. చిత్రము సంఘములలోను యువజన శిబిరములలోను 16 మిల్లీమీటర్ల యంత్రముతో ప్రదర్శింపబడి బహుళ ప్రచారము పొందెను. 1983 నాటికి దీని తరువాయి కథలు మూడు వెలువడెను.

దీనిని చూచి మారుమనస్సు పొందినవారు పలువురు. అయితే బడినుండి ఇల్లుచేరి, తల్లి పలుకు వినబడకపోగా, తాము విడువబడితిమని యేడ్చినట్లు పెద్దవారైన పిమ్మట చెప్పుకొన్నవారును పలువురు కలరు. ఈ రెండును సత్యములే.

రాకడ క్రమమును గూర్చి సంఘములన్నిటికి నేకాభిప్రాయము లేదు. ఆ వాదములోనికి మేము పోము. కాని చిత్రమునకు పేరిచ్చిన థెస్సలొనీకయుల మొదటి పత్రికను విద్యార్థులు తెఱచి చూతురుగాక. మృతులైన తమవారికొఱకు దుఃఖించుచున్న సంఘమును ఓదార్చుటకే అపొస్తలుడు నాలుగవ అధ్యాయమున ఆ సంగతి వ్రాసెను. ఒకరినొకరు ఆదరించుకొనుడని చెప్పి దానిని ముగించెను. అయిదవ అధ్యాయమున దొంగ ఉపమానము చెప్పినను, మరల ఆదరణ మాటకే వచ్చెను. చిత్రము దొంగను చూపెను. ఆదరణను అంతగా చూపలేదు.

ఉపాధ్యాయులమైన మేమును ఒక్కొక్కప్పుడు భయమును బెత్తమువలె వాడితిమని ఒప్పుకొనవలసియున్నది. భయము బాలుని ఒక రాత్రి మేల్కొలుపును. ప్రేమ వానిని ప్రతి యుదయమున పనికి లేపును. యజమానుడు వచ్చువేళకు నమ్మకముగా పనిచేయుచున్న దాసుడే ధన్యుడని మన ప్రభువు బోధించెను గదా! కావున ప్రియ విద్యార్థులారా, నేటి పాఠమును నేడే చదువుడు. నేటి కలహమును నేడే సమాధానపఱచుకొనుడు. సిద్ధపాటనగా నిదియే.