విప్పని విమానం కిట్ ఎన్నేళ్లు ఉంటుంది?

గల్ఫ్ నుంచి సెలవుకు వచ్చిన మామూ పిల్లాడి కోసం విమానం కిట్ తెస్తాడు. బాబుకి ఇంకా నాలుగేళ్లే. "చిన్న చిన్న ముక్కలున్నాయి, నోట్లో పెట్టుకుంటాడు. పెద్దయ్యాక కట్టుకుంటాడులే" అని అమ్మీ ఆ డబ్బాను సజ్జా మీదికి ఎక్కిస్తుంది. పురుగు పట్టకుండా రెండు కలరా ఉండలు కూడా వేస్తుంది. ఎనిమిదేళ్ల తర్వాత దించి చూస్తే రెక్క వంకర. చక్రాలు పక్క ముక్కకు అతుక్కుపోయి ఉంటాయి. గుర్తుల కాగితాన్ని నీళ్లలో వేయగానే అవి పొడిపొడి అయిపోతాయి. డబ్బా ఎవరూ ముట్టుకోనేలేదు, మరి ఇలా ఎందుకైంది?

కిట్ అంటే ఒకే వస్తువు కాదు కాబట్టి. అందులో ప్లాస్టిక్, రబ్బరులాంటి చక్రాలు, గుర్తుల కాగితం, అట్ట, ఒక్కోసారి గమ్ము, రంగులు కూడా ఉంటాయి. వీటన్నిటి ఆయుష్షు ఒకటి కాదు. పైగా పక్కపక్కన ఉంటే ఒకదాన్ని ఒకటి పాడు చేసుకుంటాయి.

నిజానికి ప్లాస్టిక్ గట్టిదే. బ్రిటన్‌కు చెందిన ఎయిర్‌ఫిక్స్ కంపెనీ 1953లో స్పిట్‌ఫైర్ విమానం కిట్ తెచ్చింది. ఆ రోజుల నాటి కిట్లను ఇప్పటికీ విప్పి కట్టేవాళ్లున్నారు. ఈ ప్లాస్టిక్ పేరు పాలీస్టైరీన్, అంటే మన థర్మోకోల్ తయారయ్యే పదార్థమే. థర్మోకోల్ మీద పెట్రోల్ చుక్క పడితే ఏమవుతుందో చాలామంది చూసే ఉంటారు. కిట్ ప్లాస్టిక్‌కూ అలాంటి వాసన ద్రవాలంటే పడదు. కలరా ఉండల ఆవిరి కూడా దాన్ని మెత్తబరచగలదు. బట్టల పెట్టెలో మంచి చేసేది ఇక్కడ చెడు చేస్తుందన్నమాట. గమ్ము ట్యూబుతో వచ్చే గిఫ్ట్ సెట్ అయితే ట్యూబు, రంగు డబ్బీలు తెచ్చిన రోజే బయటికి తీసేయాలి. ఆ గమ్ము పనే ప్లాస్టిక్‌ను కరిగించి అతికించడం. కారితే ముక్కలు పోయినట్టే. ఎలాగూ కొన్నేళ్లకు అది ఎండిపోతుంది, దాచి లాభం లేదు.

మెత్తటి నల్ల చక్రాలది ఇంకో కథ. వినైల్‌ను మెత్తగా ఉంచడానికి కలిపే నూనెలాంటి పదార్థం ఏళ్ల తరబడి మెల్లగా బయటికి వస్తుంది. అది తగిలిన చోట పాలీస్టైరీన్ కరుగుతుంది. చక్రాలను విడిగా ఒక జిప్ కవర్‌లో వేస్తే చాలు. అద్దాల ముక్కలకూ వేరే కవర్ కావాలి, లేదంటే గీతలు పడతాయి.

అన్నిటికంటే ముందు పోయేవి డెకాల్స్, అంటే నీళ్లలో నానబెట్టి అంటించే గుర్తులు. తేమకు, వేడికి అవి పచ్చబడతాయి, పగుళ్లు వస్తాయి. జిప్ కవర్‌లో మడత పడకుండా పెట్టి, ఒక సిలికా జెల్ పొట్లం వేసి, బీరువాలో ఫైళ్ల మధ్య ఉంచడం మంచిది. అప్పటికే పచ్చబడి ఉంటే కవర్‌తో సహా ఎండ తగిలే కిటికీ అద్దానికి కొన్ని రోజులు అంటించి చూడండి, చాలావరకు తెల్లబడుతుంది. వాడేముందు అవసరం లేని ఒక చిన్న నంబరు కత్తిరించి నీళ్లలో వేయాలి. చెదిరిపోతే మిగతావాటి మీద డెకాల్ ఫిల్మ్ ద్రవం పూసి ఆరబెట్టాలి. ఆ తర్వాత పొర అంతా ఒకటే అవుతుంది కాబట్టి ఒక్కో గుర్తును అంచు వెంట విడిగా కత్తిరించుకోవాలి.

ఇక చోటు సంగతి. పై అంతస్తులో స్లాబ్ కిందున్న సజ్జా మే నెలలో పొయ్యిలా ఉంటుంది. ఆ వేడిలో పైన బరువు పడితే పొడవాటి సన్నని ముక్కలు వంగిపోతాయి. కొంచెం వంగినదాన్ని పెద్దవాళ్లు వేడి నీళ్లలో, మరిగేవి కాదు, కాసేపు ఉంచి మెల్లగా సరిచేయొచ్చు. మంచం కింద, గోడకు ఆనకుండా, ప్లాస్టిక్ డబ్బాలో పెట్టడం నయం. అట్టపెట్టెలంటే చెదలకు ఇష్టం, కాబట్టి వానాకాలం ముందు ఒకసారి తెరిచి చూడాలి. పెట్టెల మీద పెట్టెలు పేరిస్తే కిందది నలుగుతుంది.

తెచ్చిన వారంలోనే ముక్కలు లెక్కపెట్టి, సూచనల కాగితాన్ని ఫోన్‌లో ఫొటో తీసుకోవాలి. పెట్టె మీదున్న కిట్ నంబరు, 1/72 లాంటి స్కేల్ కూడా ఫొటోలో పడాలి. పదేళ్లకు డెకాల్స్ పోయినా ఆ వివరాలతో వేరే కంపెనీవి వెతికి కొనుక్కోవచ్చు. బాల్సా చెక్క కిట్ అయితే పలకలను బల్లపరుపుగా, పొడిగా ఉంచాలి. అందులోని రబ్బరు బ్యాండు మాత్రం ఎంత జాగ్రత్తపడినా నిలవదు, కట్టే రోజు కొత్తది తెచ్చుకోవాల్సిందే.